వీడియో నాది, మెమో ఆయనకి

ఈసారి ఉత్తరం తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రం నుంచి వచ్చింది. రాసినావిడ ఒక సివిల్ కానిస్టేబుల్ భార్య. పేరూ ఊరూ స్టేషనూ తీసేసి, విషయాన్ని మాత్రం ఆవిడ మాటలకు దగ్గరగా ఇస్తున్నాను.

భర్తకు పదకొండేళ్ల సర్వీసు, ఇప్పటిదాకా ఒక్క పనిష్‌మెంటు లేదు. వినాయక నిమజ్జనానికి ముందు రోజు రాత్రి వాళ్ల ఆరేళ్ల పాపను డెంగీతో ఆస్పత్రిలో చేర్చారు. పొద్దున్నే ఆయన సెలవు చీటీ రాసుకుని, స్టేషన్‌లో రాతపనులు చూసే రైటర్‌కు ఇస్తే, "నిమజ్జనం అయ్యేదాకా ఎవరికీ లీవు లేదు" అని తిరిగి చేతిలో పెట్టారు. ఎస్సై గారికి మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సాయంత్రం పాప ప్లేట్‌లెట్లు 38 వేలకు పడిపోయాయి, ఎక్కించాల్సి రావచ్చని డాక్టర్ చెప్పారు. రాత్రి ఏడు నలభైకి ఆయన పక్కనున్న హెడ్ కానిస్టేబుల్‌కు చెప్పి, తన పాయింట్‌లో తోటి కానిస్టేబుల్‌ను నిలబెట్టి, చెరువు కట్ట మీది నుంచి యూనిఫాంలోనే ఆస్పత్రికి వచ్చారు. ఒంటిగంటంపావుకు తిరిగి డ్యూటీలోకి వెళ్లారు.

ఆయన ఉన్నప్పుడే, తొమ్మిది గంటల ప్రాంతంలో, ఈవిడ తన ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీసుకుని ఏడ్చారు. "బిడ్డ చావు బతుకుల్లో ఉంటే కూడా సెలవియ్యరా, వీళ్లు మనుషులేనా" అన్నారు. ఎవరి పేరూ ఎత్తలేదు. చివర్లో కొన్ని క్షణాలు ఆయన కనబడతారు, పాప పాదం మీద చెయ్యి వేసి కూర్చుని. ఆయన వెళ్లిపోయాక, రాత్రి రెండింటికి, ఆ వీడియోను క్వార్టర్స్ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. తెల్లారేసరికి అది ఒక యూట్యూబ్ చానల్‌లో ఉంది.

అయిదో రోజు ఆయన్ను ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) హెడ్‌క్వార్టర్స్‌కు అటాచ్ చేశారు, వెంటనే చార్జ్ మెమో ఇచ్చారు. రెండు అభియోగాలు: అనుమతి లేకుండా బందోబస్తు వదిలి వెళ్లడం, భార్య చేత వీడియో పెట్టించి శాఖ పరువు తీయడం. జవాబుకు పది రోజుల గడువు, ఇంకా ఆరు ఉన్నాయి. వీడియో తీసిన ఫోన్‌లోని సిమ్ ఆయన పేరు మీదే ఉంది. స్టేషన్ నుంచి ఒక పెద్దాయన వచ్చి, "నా భార్యకు మతిస్థిమితం సరిగ్గా లేదు, ఆమె చేసినదానికి క్షమించండి అని రాసిస్తే చిన్నదాంతో పోతుంది" అని చెప్పి వెళ్లారట. ఈవిడ తమ్ముడు హైకోర్టుకు పోదామంటున్నాడు. గ్రూపులో ఆడవాళ్లు కలెక్టరేట్ ముందు కూర్చుందాం రమ్మంటున్నారు. భర్త మాత్రం రాజీనామా చేస్తానని ఒకసారి అని, ఆ తర్వాత నోరు విప్పడం లేదు. "నావల్ల ఆయన ఉద్యోగం పోతుందా? ఆ కాగితం రాసిచ్చి తెంచుకోమంటారా? నేనే క్షమాపణ చెబుతూ ఇంకో వీడియో పెట్టనా? బిడ్డకు బాగాలేకపోతే సెలవడిగే హక్కు కూడా లేదా మేడమ్?" అని అడిగారు. పాప ఇప్పుడు కోలుకుంటోందని చివర్లో ఒక్క వాక్యం రాశారు.

అమ్మా,

నేను ఎస్పీ ఆఫీసులో క్రమశిక్షణ ఫైళ్లు చూసే సెక్షన్‌లో పదిహేడేళ్లు కూర్చున్నదాన్ని. మీ ఆయనకు వచ్చినలాంటి మెమోలు నా చేతుల మీదుగా వందల్లో వెళ్లాయి. అందుకే మీ ఉత్తరం చదివి పక్కన పెట్టలేకపోయాను.

ముందు ఉద్యోగం సంగతి. మీ ఆయన భయానికి కారణం నాకు తెలుసు. 2024 అక్టోబరులో సెలవుల విషయంలో తెలంగాణ స్పెషల్ పోలీసు బెటాలియన్ల కుటుంబాలు రోడ్డెక్కాయి. ఆ గొడవలో 39 మంది సిబ్బందిని సస్పెండ్ చేశారు, పది మందిని విచారణ లేకుండానే డిస్మిస్ చేశారు. రాజ్యాంగంలోని 311వ అధికరణం ప్రకారం విచారణ జరపకుండా ఉద్యోగిని తీసేయడానికి లేదు. కానీ అందులోనే ఒక మినహాయింపు ఉంది. విచారణ జరపడం ఆచరణలో సాధ్యం కాదని అధికారి కారణాలు రాసిపెడితే ఆ అవసరం ఉండదు. ఆ పది మంది విషయంలో వాడింది దాన్నే. పోలీసు ఇళ్లలో ఆ వార్త ఇంకా పచ్చిగానే ఉంది, కాదనను. అయితే మీ ఆయనకు మెమో ఇచ్చారు కదా, జవాబు చెప్పుకోమని గడువు కూడా ఇచ్చారు కదా. అంటే వాళ్లు విచారణ దారే ఎంచుకున్నారు. ఆ కాగితాన్ని చూసి మీరిద్దరూ వణుకుతున్నారు గానీ, ఆయనకు ఇప్పుడున్న రక్షణ అదే. పదకొండేళ్ల శుభ్రమైన సర్వీసున్న మనిషిని అయిదున్నర గంటల గైర్హాజరుకు ఇంటికి పంపడం నా అనుభవంలో చూడలేదు. పంపరని రాసివ్వలేను గానీ, రాత్రిళ్లు నిద్ర పాడుచేసుకునేంత ప్రమాదం ఇందులో నాకు కనబడటం లేదు.

మెమో తీసి పైన ఏ రూలు రాశారో చూడండి. సీసీఏ రూల్స్ 1991 అని ఉంటుంది, ఉద్యోగుల శిక్షలు, అప్పీళ్ల నియమాలవి. దాని పక్కన రూల్ 22 అని ఉంటే చిన్న శిక్షల దారి. మందలింపో, కొంతకాలం ఇంక్రిమెంట్ ఆపడమో, అలాంటివి. రూల్ 20 అని ఉంటే పెద్ద శిక్షల దారి. అప్పుడు విచారణాధికారిని వేస్తారు, సాక్షులను పిలుస్తారు, వాళ్లను ప్రశ్నించే అవకాశం ఆయనకు ఉంటుంది. ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఇంక్రిమెంట్ కట్ అని తేలిగ్గా అంటారు గానీ, దాని వెనక "క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో" అనే తోక ఉంటే ఆ నష్టం రిటైరయ్యేదాకా, పెన్షన్ దాకా వెంట వస్తుంది. అలాంటి శిక్షను పూర్తి విచారణ లేకుండా వేయకూడదని 1990లోనే సుప్రీంకోర్టు చెప్పింది. "చిన్నదాంతో పోతుంది" అన్న పెద్దాయన ఏ చిన్నదాని గురించి అన్నారో ముందు తేల్చుకోండి.

ఇక అభియోగాలు. ఈ రెంటినీ ఒకే మూటగా కట్టి మీ ముందు పెట్టారు, మీరూ ఒకే మూటగా మోస్తున్నారు. విడదీయాలి.

మొదటిది నిజం. ఆయన బందోబస్తు వదిలి వెళ్లారు. దాన్ని కాదంటూ ఒక్క వాక్యం కూడా రాయొద్దు. సెలవు హక్కుగా అడిగేది కాదని ప్రభుత్వోద్యోగుల సర్వీసు నియమాలైన ఫండమెంటల్ రూల్స్‌లోనే ఉంది. పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క అన్నది 1861 నాటి పోలీసు చట్టం మాట. మీరడిగిన చివరి ప్రశ్నకు చట్టం చెప్పే సమాధానం, కష్టంగా ఉన్నా, ఇదే. సెలవు అడగొచ్చు, ఇవ్వకపోతే వెళ్లకూడదు.

కానీ వెళ్లడం వేరు, కావాలని ఎగ్గొట్టడం వేరు. అనుమతి లేని ప్రతి గైర్హాజరూ ఉద్దేశపూర్వకం కాదని, అనారోగ్యం, ప్రమాదం, ఆస్పత్రిలో చేరడం లాంటి తప్పించుకోలేని కారణాలుంటే దాన్ని దుష్ప్రవర్తన అనడానికి లేదని 2012లో సుప్రీంకోర్టు ఒక ఇంటెలిజెన్స్ బ్యూరో ఉద్యోగి కేసులో తీర్పు ఇచ్చింది. మీ ఆయన జవాబుకు వెన్నెముక అదే కావాలి. ఏడు నలభైకి వెళ్లాను, ఒకటిం పావుకు వచ్చాను, ఎందుకు వెళ్లానంటే ఇదిగో. ఆ 'ఇదిగో' దగ్గర కాగితాలుండాలి. పాప కేస్ షీట్ కాపీ, ఆ సాయంత్రం ప్లేట్‌లెట్ రిపోర్టు, అందులో టైము కనబడేలా. ఎస్సై గారికి చేసిన మూడు కాల్స్ లాగ్. రైటర్ తిరిగిచ్చిన సెలవు చీటీ ఆయన జేబులోనో బీరువాలోనో ఉండే ఉంటుంది, చింపేశారేమో వెతకండి. నా సెక్షన్‌లో ఉన్నప్పుడు మడతలు పడి, చెమటకు సిరా అలుక్కుపోయిన చీటీ ఒకటి మొత్తం ఫైలు తీరునే మార్చడం చూశాను. సెలవు అడిగాడనడానికి అదొక్కటే రుజువు మరి. స్టేషన్‌లో ఏ రోజు సంగతి ఆ రోజు రాసే జనరల్ డైరీలో ఆ రోజు బందోబస్తు ఎంట్రీల కాపీ కావాలని జవాబుతో పాటే రాతపూర్వకంగా అడగాలి. ఇవ్వకపోతే, ఇవ్వలేదన్న సంగతి తర్వాత అప్పీల్లో పనికొస్తుంది.

ఇందులో ఒక ముల్లు ఉంది. ఆయన పాయింట్‌లో నిలబడిన కానిస్టేబుల్, సరే వెళ్లు అన్న హెడ్ కానిస్టేబుల్. వాళ్ల పేర్లు రాస్తే పాయింట్ ఖాళీగా లేదని రుజువవుతుంది, కానీ వాళ్లకూ మెమోలు రావచ్చు. వాళ్లను అడగకుండా పేర్లు రాయొద్దని నా మనవి. అడిగితే ఒకరైనా ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే "పాయింట్‌ను ఖాళీగా వదల్లేదు, విచారణలో వివరిస్తాను" అని మాత్రం రాసి ఆపొచ్చు. దానివల్ల జవాబు కొంచెం బలహీనపడుతుంది, కానీ రేపు మళ్లీ అదే స్టేషన్‌లో వాళ్ల మధ్యే బతకాలి ఆయన.

రెండో అభియోగం వేరు జాతి. ప్రవర్తనా నియమావళి ప్రభుత్వోద్యోగిని కట్టేస్తుంది. పోలీసు ఉద్యోగిని ఇంకా గట్టిగా కట్టేసే చట్టం 1966లో వచ్చింది. అనుమతి లేకుండా యూనియన్‌లో చేరకూడదు, పత్రికలకు ఎక్కకూడదు, మీరితే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. రాజ్యాంగం 33వ అధికరణం పార్లమెంటుకు ఆ అధికారం ఇచ్చింది. కానీ ఆ చట్టం చెప్పేది పోలీసు దళంలోని సభ్యుడి గురించి. మీరు సభ్యురాలు కారు. మీరు ఈ దేశ పౌరురాలు, ఒక బిడ్డ తల్లి. కేంద్ర ఉద్యోగుల నియమాల్లో కుటుంబ సభ్యులను అదుపు చేయాలనే మాట ఒకటి ఉంది గానీ, అది ప్రభుత్వాన్ని కూలదోసే కార్యకలాపాల గురించి. ఆస్పత్రి మంచం పక్కన ఏడవడం ఆ కోవలోకి రాదు.

అందుకే అభియోగంలో "భార్య చేత పెట్టించి" అన్నారు. ఆ 'పెట్టించి' అన్నది వాళ్లు నిరూపించాలి. వాళ్ల చేతిలో ఉన్నవి రెండు: ఆయన పేరు మీదున్న సిమ్, వీడియో చివర కనబడే యూనిఫాం. మీ చేతిలో ఉన్నది గడియారం. ఆయన ఒంటిగంటంపావుకు కట్ట మీదున్నారు, వీడియో రెండింటికి గ్రూపులోకి వెళ్లింది. ఆ ఫోన్‌లో ఒరిజినల్ వీడియో, గ్రూపులో పంపిన సమయం అలాగే ఉండాలి. దయచేసి ఏదీ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి, మీరు భయపడి తుడిచేస్తే అదే ఆయన మీద అనుమానం అవుతుంది. గ్రూపు నుంచి ఎవరు చానల్‌కు ఇచ్చారో వెతికే పని మీది కాదు. విచారణ జరిగితే మీరు ఆయన తరఫు సాక్షిగా వెళ్లి, తీసింది నేను, పంపింది నేను, ఆయనకు తెలియదు అని చెప్పొచ్చు. మిమ్మల్ని తిప్పి తిప్పి అడుగుతారు, సిద్ధంగా ఉండండి. ఒక ప్రశ్న మాత్రం నేనే అడుగుతాను: మీరు వీడియో తీస్తున్నట్టు ఆయన చూశారా? చూసి ఊరుకున్నారా? దానికి నిజమే చెప్పండి. తీయడం చూశారు, పంపుతానని తెలియదు అన్నది నిజమైతే అది చాలు.

ఇప్పుడు ఆ పెద్దాయన రాసిమ్మన్న కాగితం గురించి. మిగతావన్నీ మీరిద్దరూ కూర్చుని తూచుకోవాల్సినవి. ఈ ఒక్కటి మాత్రం వద్దని గట్టిగా చెబుతున్నాను.

చాలా ఏళ్ల క్రితం అలాంటి కాగితం ఒకటి నా టేబుల్ మీదికి వచ్చింది. భార్య ఆఫీసు గేటు దగ్గర గొడవ చేసిందని ఒక కానిస్టేబుల్‌కు మెమో ఇచ్చారు. "నా భార్యకు మతి సరిగా లేదు" అని ఆయన తెల్ల కాగితం మీద నాలుగు లైన్లు రాసిచ్చారు. కింద ఆవిడ సంతకం కూడా పెట్టించారు. మందలింపుతో ఫైలు మూసేశారు, అందరూ సంతోషించారు. నేనే దానికి ట్యాగ్ వేసి కట్టాను. తొమ్మిదేళ్ల తర్వాత ఆయన రోడ్డు ప్రమాదంలో పోయారు. ఇద్దరు పిల్లలతో ఆవిడ కారుణ్య నియామకానికి దరఖాస్తు పెట్టుకుంటే, పాత ఫైలు తిరగేసిన ఎవరో ఆ నాలుగు లైన్లు పైకి తీశారు. ఆవిడను మెడికల్ బోర్డుకు పంపారు. తనకు పిచ్చి లేదని కాగితం తెచ్చుకోవడానికి ఆవిడకు ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ ఆఫీసు వరండాలో చిన్నవాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. నన్ను చూసినప్పుడల్లా నవ్వేది, ట్యాగ్ వేసింది నేనేనని ఆవిడకు తెలియదు.

ఫైలు మూసేశారంటే కాగితం చచ్చిపోయిందని కాదమ్మా. పైగా అది అబద్ధం. శాఖకు అబద్ధం రాసిచ్చాడన్నది మూడో అభియోగం కాగలదు. పైగా ఆ ఒక్క లైనుతో రెండో అభియోగాన్ని ఆయనే ఒప్పుకున్నట్టు అవుతుంది. మతి లేనిదాన్ని అదుపులో పెట్టుకోలేకపోయావు కదా అంటారు.

ఒప్పుకుని తెంచుకోవాలనే ఉంటే దానికి వేరే పద్ధతి ఉంది. మొదటి అభియోగంలోని జరిగిన విషయాన్ని మాత్రం ఒప్పుకుని, కారణం చూపి, చింతిస్తున్నానని రాసి, రెండోదాన్ని నిరాకరించడం. ఇలా రాస్తే సాధారణంగా మందలింపుతోనో, తోక లేని ఇంక్రిమెంట్ కట్‌తోనో ముగుస్తుంది. త్వరగా స్టేషన్‌కు తిరిగి వస్తారు. నష్టం ఏంటంటే, సర్వీస్ రికార్డులో మచ్చ పడుతుంది, హెడ్ కానిస్టేబుల్ ప్రమోషన్‌కు ప్యానెల్ వేసే రోజున అది కనబడుతుంది.

మొత్తం విచారణకే వెళ్లాలంటే నెలలు పడుతుంది. అటాచ్‌మెంట్‌లోనే ఉండాలి, రోజూ రోల్ కాల్‌కు అంత దూరం పోవాలి. లాభం లేకపోలేదు. తోటి ప్రభుత్వోద్యోగి ఒకరిని తన తరఫున సహాయకుడిగా పెట్టుకోవచ్చు. విచారణ నివేదిక కాపీ చేతికిచ్చి, దాని మీద ఆయన మాట విన్నాకే శిక్ష వేయాలి. ఇది 1993లో మన హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. శిక్ష పడినా పైఅధికారికి అప్పీలు ఉంది. డీఐజీ స్థాయిలో చాలా శిక్షలు తగ్గడం నేను చూశాను, ముఖ్యంగా కాగితాలు మొదటి జవాబులోనే ఉన్న ఫైళ్లలో. మొదటి జవాబులో లేని సంగతి అప్పీల్లో చెబితే "తర్వాత కల్పించాడు" అంటారు.

మీ తమ్ముడు చెప్పిన హైకోర్టు ఇప్పుడే వద్దనుకుంటాను. చార్జ్ మెమో దశలోనే కోర్టులు జోక్యం చేసుకోవడం అరుదు, ముందు జవాబు చెప్పుకో అంటాయి. 2006లో సుప్రీంకోర్టు అదే చెప్పింది. డబ్బు ఖర్చవుతుంది, పైవాళ్లకు కోపం పెరుగుతుంది. ఆ దారి మూసుకుపోదు. శిక్ష అన్యాయంగా పడి, అప్పీలు కూడా తోసేస్తే అప్పుడు పోదురు. తెలంగాణలో ఉద్యోగుల ట్రిబ్యునల్ ఇప్పుడు లేదు కాబట్టి నేరుగా అక్కడికే. ఒకవేళ మధ్యలో సస్పెండ్ చేస్తే మాత్రం తారీకు రాసిపెట్టుకోండి. చార్జ్ మెమో ఇవ్వకుండా మూడు నెలలు దాటి సస్పెన్షన్‌లో ఉంచకూడదని 2015లో తీర్పు ఉంది. మీకు మెమో వచ్చేసింది కాబట్టి అది నేరుగా వర్తించదు గానీ, సస్పెన్షన్ ఎందుకు పొడిగిస్తున్నారో కారణాలు రాయాలనే మాట అందులోనే ఉంది.

కలెక్టరేట్ ముందు కూర్చోవడానికి మీకు హక్కుంది. కానీ మెమోకు గడువు నడుస్తున్న ఈ ఆరు రోజుల్లో మీరు అక్కడ కనబడితే, 'పెట్టించి' అన్న మాటకు వాళ్లు వెతుకుతున్న బలం మీరే ఇచ్చినట్టవుతుంది. క్షమాపణ వీడియో కూడా అంతే. మొదటి వీడియోను మరిచిపోతున్నవాళ్లకు మళ్లీ గుర్తు చేస్తుంది, మీరు చేసింది నేరమని మీ నోటితోనే చెప్పిస్తుంది. రాజీనామా మాట ఆయన కోపంలో అన్నదే అనుకుంటాను. క్రమశిక్షణ చర్య నడుస్తుండగా దాన్ని ఆమోదించకపోవచ్చు, ఆమోదిస్తే పదకొండేళ్ల సర్వీసు గాలికి పోతుంది.

మీరు ఏడ్చిన విషయం మాత్రం అబద్ధం కాదు. దేశమంతా పోలీసుస్టేషన్ల మీద 2014లో ఒక అధ్యయనం వచ్చింది, కేంద్ర పోలీసు పరిశోధన సంస్థ కోసం హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ చేసింది. స్టేషన్ సిబ్బందిలో నూటికి 90 మంది దాకా రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నారని తేల్చి, షిఫ్టులు పెట్టమంది. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్‌లో వీక్లీ ఆఫ్ ప్రకటించారు. అంటే ఇది మీ ఒక్కరి గోడు కాదు, పైవాళ్లకు తెలియనిదీ కాదు. దీన్ని జిల్లా పోలీసు అధికారుల సంఘం ద్వారా, విడి వినతిపత్రంగా తీసుకెళ్లండి. గుర్తింపు ఉన్న సంఘం కాబట్టి అక్కడ మాట్లాడితే 1966 చట్టం అడ్డు రాదు. మెమో జవాబులో మాత్రం ఈ సంగతి ఒక్క ముక్క కూడా కలపొద్దు. జవాబులో ఫిర్యాదు కలిస్తే జవాబు చదవరు.

ఆయన మీతో మాట్లాడటం లేదని రాశారు. అది మీ మీద కోపమని మీరనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. ఆ రాత్రి మళ్లీ కట్ట మీదికి వెళ్లిపోయింది ఆయనే కదా, ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సి వస్తుందో లేదో తెలియకుండానే. వీడియోలో మీరు అడిగిన ప్రశ్న ఆయన కూడా అడగాలనుకుని మింగేసిందే అయ్యుండొచ్చు. ఈ రాత్రి పాప పడుకున్నాక మెమోను మధ్యలో పెట్టుకుని పైనుంచి కిందిదాకా ఒకరు చదవండి, ఒకరు వినండి. ఏది నిజం, ఏది కాదు అని పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ఆ గీతలే రేపటి జవాబు అవుతాయి. అది రాయడానికి సర్వీస్ కేసులు చూసే వకీలును ఒకసారి కలిస్తే చాలు, రాసే చెయ్యి మాత్రం ఆయనదే కావాలి. ఇచ్చేటప్పుడు రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తారీకుతో అందినట్టు సంతకం తీసుకోమనండి.

రేపు పొద్దున్న పాపను చెకప్‌కు తీసుకెళ్తారు కదా, అప్పుడే ఆస్పత్రి రికార్డుల గదిలో కేస్ షీట్ కాపీకి దరఖాస్తు పెట్టేయండి. కాపీ చేతికి రావడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు, మీకున్నవి ఆరే.